పరుగు నేర్చిన ద్రవం

1958 అక్టోబరులో న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో సందర్శకుల దినం జరిగింది. వచ్చినవాళ్లకు విసుగు పుట్టకుండా విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక టెన్నిస్ ఆట తయారుచేసి పెట్టారు. ఐదంగుళాల ఆసిలోస్కోప్ తెర, నడుమ నెట్‌గా చిన్న గీత, బంతిగా ఒక వెలుగుచుక్క. దాన్ని ఆడటానికి జనం బారులు తీరారు.

ఆ తెర ఎలక్ట్రాన్ కిరణంతో వెలిగేది. మీట నొక్కితే చుక్క వెంటనే కదిలేది. తర్వాత నలభై ఏళ్లపాటు వీడియో ఆటలు ప్రధానంగా ఆ బరువైన గాజు గొట్టాల మీదే పెరిగాయి. వాటి స్థానంలోకి వచ్చిన పలుచటి తెరలో ఎలక్ట్రాన్ కిరణం లేదు, ఒక ద్రవం ఉంది. ఇవాళ పది వేల రూపాయల చుట్టుపక్కల దొరికే గేమింగ్ మానిటర్ చరిత్ర అంతా ఆ ద్రవాన్ని తొందరపెట్టిన చరిత్రే. కొనేవాళ్లు అది తెలుసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది తెలిస్తే పెట్టె మీది అంకెల్లో ఏది నమ్మాలో ఇట్టే అర్థమవుతుంది.

ద్రవ స్ఫటికాన్ని మొదట గమనించింది ఒక వృక్షశాస్త్రవేత్త. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ కొలెస్టరిల్ బెంజోయేట్ అనే పదార్థాన్ని వేడిచేస్తుంటే, 145 డిగ్రీల దగ్గర కరిగి మసకగా మారింది. 178 డిగ్రీల దగ్గర ఆ మసక విడిపోయి తేటపడింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటి? ఆయన దాన్ని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఓటో లేమన్‌కు పంపారు. సూక్ష్మదర్శిని కింద చూసిన లేమన్‌కు అది ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వెలుగును మలుస్తున్నట్టు కనిపించింది. పొడవాటి అణువులు పారుతున్నా ఒకే దిక్కుకు తిరిగి ఉండటమే అందుకు కారణం.

దానితో తెర చేయవచ్చని లోకానికి చూపడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన జార్జ్ హైల్‌మేయర్ బృందం తొలి ద్రవ స్ఫటిక తెరలను, అంటే ఎల్‌సీడీలను ప్రకటించింది. ఆర్‌సీఏ వాటిని పెద్దగా పట్టించుకోలేదు. జపాన్‌లో షార్ప్ పట్టించుకుంది, 1973లో వాటితో క్యాలిక్యులేటర్ అమ్మింది.

అసలు మలుపు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో వచ్చింది. 1970 డిసెంబరులో హాఫ్‌మన్-లా రోష్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. రెండు గాజు పలకల నడుమ అణువులను చార్మినార్ మీనారులోని మెట్లలా పొరపొరకూ కొంచెం తిప్పుతూ, పై పలక చేరేసరికి 90 డిగ్రీలు మెలితిప్పడం వాళ్ల ఆలోచన. వెనక ఒకటి, ముందు ఒకటి, అడ్డంగా నిలువుగా ధ్రువణ పలకలు పెడతారు. మెలి వెంట వెలుగు కూడా తిరిగి బయటపడుతుంది. విద్యుత్తు ఇస్తే అణువులు నిటారుగా నిలబడతాయి, మెలి పోతుంది, వెలుగు ఆగిపోతుంది. టీఎన్ ప్యానెల్ అంటే ఇదే. కొద్ది నెలల తేడాలో అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ కూడా ఇదే దారికి వచ్చారు.

ద్రవమే ఇంకా కుదరలేదు. అప్పటి పదార్థాలు కొన్ని బాగా వేడిచేస్తే తప్ప పనిచేసేవి కావు, కొన్ని తేమ తగిలితే చెడిపోయేవి. ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ గ్రే 1970ల మొదట్లో సయనోబైఫినైల్ అణువులు తయారుచేసి ఆ కొరత తీర్చారు. అవి మామూలు గది వేడిలోనే పనిచేస్తాయి, ఏళ్ల తరబడి నిలుస్తాయి.

ఇందులో మన దేశం వంతు కూడా ఉంది, దాని గురించి చెప్పుకోవలసినంతగా చెప్పుకోం. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో సి.వి.రామన్ మేనల్లుడు ఎస్.చంద్రశేఖర్, బి.కె.సదాశివ, కె.ఎ.సురేశ్ కలిసి బిళ్లల ఆకారపు అణువులు కూడా ద్రవ స్ఫటికాలు కాగలవని నిరూపించారు. అప్పటిదాకా కడ్డీల్లాంటి పొడవాటి అణువులే అలా ఉంటాయనుకునేవారు. టీఎన్ తెరను పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. తర్వాతి కాలంలో ఆ లోపాన్ని తగ్గించడానికి జపాన్‌కు చెందిన ఫ్యూజీ కంపెనీ చేసిన పలుచటి పొరలో ఉన్నవి ఈ బిళ్లల జాతి అణువులే.

ఇక బొమ్మ కావాలంటే తెర మీది లక్షల చుక్కలను విడివిడిగా అదుపు చేయాలి. ప్రతి చుక్క వెనకా ఒక ట్రాన్సిస్టర్ ఉంచే పద్ధతిని 1970లలో వెస్టింగ్‌హౌస్‌లో పీటర్ బ్రోడీ చేసి చూపారు. దాన్ని చవకైన అస్ఫటిక సిలికాన్‌తో చేయవచ్చని 1979లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. 1988లో షార్ప్ 14 అంగుళాల రంగుల తెర చూపింది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 1920 × 1080, అంటే 20 లక్షలకు పైగా పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కోదానికి మూడు రంగుల చొప్పున 62 లక్షల ట్రాన్సిస్టర్లు ఒక గాజు పలక మీద ఉంటాయి.

ఇంత చేశాక ఆటగాళ్లు పెదవి విరిచారు. 2000ల ఆరంభంలో వచ్చిన ఎల్‌సీడీల మీద పరుగెత్తే మనిషి వెనక నీడ ఈడ్చుకుపోయేది. చాలామంది పోటీ ఆటగాళ్లు పాత గాజు తెరల్ని వదల్లేదు, అది మొండితనం కానే కాదు.

కారణం అణువు స్వభావంలోనే ఉంది. విద్యుత్తు ఇస్తే అది చప్పున లేస్తుంది. తీసేస్తే మాత్రం ద్రవం చిక్కదనాన్ని తోసుకుంటూ తనంతట తాను వెనక్కి రావాలి. ఒక బూడిద ఛాయ నుంచి మరో బూడిద ఛాయకు మారేటప్పుడు విద్యుత్ తేడా చిన్నది కాబట్టి కదలిక ఇంకా మందం. ఇంజనీర్లు రెండు వైపుల నుంచి దీన్ని ఎదుర్కొన్నారు. ద్రవపు పొరను పలుచన చేశారు. మందం సగమైతే తిరిగివచ్చే సమయం నాలుగో వంతు అవుతుంది. రెండోది ఓవర్‌డ్రైవ్. కావలసినదానికన్నా ఎక్కువ విద్యుత్తును ఒక్క క్షణం ఇచ్చి అణువును ముందుకు నెట్టడం. అతిగా నెడితే అది గమ్యం దాటిపోయి, కదిలే వస్తువు వెనక తెల్లటి అంచు కనిపిస్తుంది. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ను చివరిదాకా పెంచితే వచ్చే తంటా ఇదే. చాలా మానిటర్లలో నడిమి స్థాయే మేలు. చలికి ద్రవం చిక్కబడుతుంది కాబట్టి డిసెంబరు తెల్లవారుజామున అదే తెర కాస్త నెమ్మదిస్తుంది కూడా.

అణువు ఎంత వేగంగా తిరిగినా ఇంకో మసక మిగిలే ఉంది. గాజు తెర మీద ప్రతి బొమ్మా ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయేది. ఎల్‌సీడీ మీద తర్వాతి బొమ్మ వచ్చేదాకా పాతది నిలిచే ఉంటుంది. కన్ను కదిలే వస్తువు వెంట నడుస్తుంటే బొమ్మ ఆగి ఉంటుంది, ఆ తేడా మసకగా తోస్తుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో పోయే వస్తువు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర మీద 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. 120 హెర్ట్జ్ మీద అది 8, 180 మీద 5 చిల్లర. 2009లో వచ్చిన తొలి 120 హెర్ట్జ్ ఎల్‌సీడీ మానిటర్లు నిజానికి ప్రత్యేక కళ్లద్దాలతో త్రీడీ చూపించడానికి అమ్మినవి. త్రీడీ మోజు పోయింది, ఆ వేగం ఆటగాళ్లకు మిగిలింది.

పెట్టె మీది "1 మిల్లీసెకను" అనే మాటను ఇప్పుడు నిలదీయవచ్చు. పక్కన జీటీజీ అని ఉంటే అది ఛాయ నుంచి ఛాయకు మారే సమయం, అదీ తరచుగా ఓవర్‌డ్రైవ్ అంచున కొలిచిన అత్యుత్తమ అంకె. ఎంపీఆర్‌టీ అని ఉంటే అణువు వేగం కానే కాదు. వెనక దీపాన్ని మినుకుమినుకుమనిపించి మసక తగ్గించినప్పటి కొలత అది. ఆ పద్ధతిలో తెర వెలుగు తగ్గుతుంది. కొనేవాడికి ఈ తేడా పెద్ద అక్షరాల్లో చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

మరో చిక్కు గ్రాఫిక్స్ కార్డుకూ తెరకూ మధ్య ఉండేది. కార్డు బొమ్మలను హెచ్చుతగ్గుల వేగంతో గీస్తుంది, తెర మాత్రం గడియారం కొట్టినట్టు తన లెక్కన మార్చుకుంటూ పోతుంది. పొంతన కుదరక తెర నడుమ బొమ్మ చిరిగినట్టు కనిపిస్తుంది. కార్డు సిద్ధమైనప్పుడే తెర మారేలా 2013లో కార్డుల సంస్థ ఎన్‌విడియా జీ-సింక్ ప్రకటించింది. దానికి మానిటర్‌లో ప్రత్యేక సర్క్యూట్ పెట్టాల్సి వచ్చేది, ధర పెరిగేది. ల్యాప్‌టాప్ తెరల్లో బ్యాటరీ ఆదా కోసం ఉన్న వెసులుబాటునే వాడుకుని దాని పోటీదారు ఏఎండీ 2014లో ఫ్రీసింక్ చూపింది. అదే ఏడాది తెరల ప్రమాణాలు నిర్ణయించే వెసా (VESA) సంఘం అడాప్టివ్-సింక్‌ను అందరి ప్రమాణంగా చేర్చింది. 2019 జనవరిలో ఎన్‌విడియా కూడా తన కార్డులను ఆ మానిటర్లతో కలిసి పనిచేయనిచ్చింది. చవక మానిటర్ కొనేవాళ్లకు ఇంతకన్నా మంచి రోజు రాలేదు.

ప్యానెళ్లలోనూ ఇలాగే కొనేవాళ్లకు మేలు జరిగింది. అణువులను గాజుకు సమాంతరంగా తిప్పే ఐపీఎస్‌ను 1996లో హిటాచీ మార్కెట్లోకి తెచ్చింది. రంగులు బాగుండేవి, వేగం ఉండేది కాదు. ఈ దశాబ్దంలో అది వేగంలో టీఎన్ సరసకు చేరింది. అదే సమయంలో చైనాలో రెండు మీటర్లకు పైగా పొడవూ వెడల్పూ ఉన్న గాజు పలకలను కోసి ప్యానెళ్లు తీసే కర్మాగారాలు పెరిగి ధర దిగివచ్చింది.

అందుకే తక్కువ ఖర్చులో నా ఎంపిక 24 అంగుళాల, ఫుల్ హెచ్‌డీ, 144 నుంచి 180 హెర్ట్జ్ ఐపీఎస్. ఆ సైజులో అంగుళానికి 92 పిక్సెళ్ల దాకా వస్తాయి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోయి అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 27 కావాలంటే 2560 × 1440 తీసుకోవాలి, దాన్ని నడిపే కార్డూ ఉండాలి. వీఏ అనే మరో రకం ప్యానెల్‌లో నలుపు ఐపీఎస్ కన్నా చిక్కగా ఉంటుంది, చీకటి గదిలో సినిమాకు హాయి. చవక వీఏలో మాత్రం చీకటి ఛాయలు నెమ్మదిగా మారి నల్లటి చార వదులుతాయి. షూటింగ్ ఆటలు ఆడేవాళ్లకు దాన్ని సిఫారసు చేయలేను. వెలుగునీడల తేడా బాగా చూపుతుందని చెప్పే హెచ్‌డీఆర్ 400 అనే ముద్ర కోసం అదనంగా డబ్బు పెట్టవద్దు. వెనక దీపాన్ని భాగాలుగా ఆర్పగలగాలన్న షరతు ఆ ముద్రకు లేదు. ఆ డబ్బు ఎత్తు సవరించుకోగల స్టాండుకు పెట్టండి. మెడ నొప్పి ముందు ఏ హెర్ట్జూ పనిచేయదు.

కార్డు మీరు ఆడే ఆటలో సెకనుకు 70 బొమ్మలే గీయగలిగితే 240 హెర్ట్జ్ వృథా. అలాంటివాళ్లు అడాప్టివ్-సింక్ ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. 48 నుంచి పనిచేస్తే నిశ్చింత.

సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించుకున్నా మొదటి రోజే చేయవలసిన పనులున్నాయి. పెట్టెలో డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉంటే దానితోనే కలపండి. కొన్ని చవక మానిటర్ల హెచ్‌డీఎంఐ పూర్తి వేగాన్ని మోయలేదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ చాలాసార్లు 60 దగ్గరే ఆగి ఉంటుంది, స్వయంగా మార్చాలి. 180 హెర్ట్జ్‌కు డబ్బు కట్టి నెలల తరబడి 60తో ఆడుతున్నవాళ్లు ఉన్నారు. తర్వాత తెర అంతా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా నింపి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. గదిలో దీపం ఆర్పి మూలల్లో వెలుగు కారుతోందేమో చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపండి.