దూరపు సమావేశములో ఎదుటి కాగితము

అనంతపురము సీమలో వర్షమును గురించి మాటలాడుట యనగా అంకెలను గురించి మాటలాడుటయే. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వర్షపాతము ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. ఏ మండలములో ఏ వారము ఎంత కురిసినది, వరుసగా మూడు నాలుగు వారములు వాన మొగము చాటువేసినదా, వేరుసెనగ ఊడలు దిగు వేళకు నేలలో తడి యున్నదా యను విషయములు కరవు మండలముల జాబితాకు ఆధారములు. అట్టి పట్టికలో ఒక్క అంకె తారుమారైనను ఎందరో రైతులకు రావలసిన సాయమునకు చిక్కు రావచ్చును.

ఇట్టి పట్టికను గురించి నాలుగు ఊళ్ళవారు ఎక్కడివారక్కడనే యుండి మాటలాడవలసి వచ్చిన దనుకొందము. టెలిఫోనులో ఒకరు చదువుచుందురు, తక్కినవారు వ్రాసికొనుచుందురు. ‘పదిహేడు’ అన్నది ఒకరికి ‘పదిహేను’గా వినబడును. 1990ల చివరినుండియే హైదరాబాదు సచివాలయమునుండి జిల్లా కలెక్టర్లతో వీడియో సమావేశములు జరుగుచు వచ్చినవి. కాని ముఖము కనబడినంత మాత్రమున కాగితము కనబడదు. పత్రమును కెమెరా ముందు పట్టి చూపినచో అక్షరములు అలికినట్లుండును. నా మట్టుకు, ఇట్టి సమావేశములో ముఖములకంటె కాగితమే ముఖ్యమని తోచును. అందరును ఒకే అంకెను ఒకే క్షణమున చూచినప్పుడు గదా, ‘అయ్యా, మా మండలపు లెక్క అది కాదు’ అని చివరి కుర్చీలోనివాడు చెప్పగలుగునది!

దూరముననున్నవానికి వ్రాత చూపవలెనను కోరిక పాతదే. 1888లో అమెరికాలో ఎలీషా గ్రే ‘టెలాటోగ్రాఫు’ అను యంత్రమునకు పేటెంటు పొందెను. ఇక్కడ కలముతో వ్రాసినది, తీగెకు ఆవలి కొసన మరియొక కలము అట్లే వ్రాయును. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ నిండుసభలో మరింత వింత చూపెను. సుమారు 50 కిలోమీటర్ల దూరమున మెన్లోపార్కులో నున్న సహోద్యోగియు, తానును ఒకే తెరమీద ఒకే పత్రమును చూచుచు, చెరియొక గురుతును కదలించుచు మాటలాడిరి. 1996లో మైక్రోసాఫ్టువారి నెట్‌మీటింగు ఈ సౌకర్యమును సామాన్యుల కంప్యూటరులోనికి తెచ్చినది. 2020 నాటి లాక్‌డౌనులో జూమ్, గూగుల్ మీట్, టీమ్స్ అను పేర్లు పల్లెలలోని పిల్లలకును కంఠస్థమైనవి. టీమ్స్ వెలువడిన 2017లో మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ళ. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ గారి స్వగ్రామము ఈ సీమలోని బుక్కాపురము. ఇది కాకతాళీయమే గాని, మనవారు చెప్పుకొనక మానరు.

ఇక నివి పనిచేయు తీరు. మీరు తెరను పంచుకొనినప్పుడు యంత్రము ఆ తెరను క్షణమునకు పలుమార్లు బొమ్మ తీయును. కాని ప్రతిసారియు బొమ్మ యంతయు పంపదు. మారిన భాగమును మాత్రమే పంపును. అందుచేత కదలక నిలిచియుండు పట్టిక తక్కువ ఖర్చుతో స్పష్టముగా చేరును, సినిమా వంటిది తడబడును. సిగ్నలు చాలని ఊళ్ళలో ముఖము చూపు కెమెరాను ఆపివేసినచో కాగితము తేటపడుట కిదియే కారణము. చూచువారికి చేరునది బొమ్మయే గనుక వారు దానిని చదువగలరే గాని దిద్దలేరు.

అందరును దిద్దవలెనన్నచో ఉమ్మడి పత్రము కావలెను. దీనిలోని చిక్కు వినదగినది. పత్రములో వరుసగా కదిరి, ధర్మవరము, రాయదుర్గము అను మూడు పేర్లున్నవనుకొనుడు. ఒకరు మొదటి వరుసను కొట్టివేసిరి. అదే క్షణమున మరియొకరు ‘మూడవ వరుసలోని అంకెను మార్చుము’ అనిరి. ఆ ఆజ్ఞ చేరునప్పటికి అక్కడ మూడవ వరుసయే లేదు! అప్పుడు యంత్రము, మూడవదిగా నుండినది ఇపుడు రెండవదైనదని లెక్కకట్టి, రాయదుర్గపు అంకెనే దిద్దవలెను. ఎల్లిస్, గిబ్స్ అను శాస్త్రజ్ఞులు 1989లో ఇట్టి సవరణ పద్ధతిని వివరించిరి. గూగుల్ డాక్స్ వంటి పత్రములలో ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో చరిత్ర కూడ నిలిచియుండును. పదిహేడు పదిహేనైనచో ఎవరి చేతిమీదుగా నైనదో వెదకి చూడవచ్చును. కరవు లెక్కల విషయమున ఇది చిన్న సంగతి కాదు.

ఇండ్లలోని సంగతికి వత్తము. 2023 ఆగస్టునుండి వాట్సాప్ వీడియో పిలుపులలో కూడ తెరను పంచుకొను వీలు కలిగినది. బెంగుళూరులోని కుమారుడు కళ్యాణదుర్గములోని తల్లికి ‘అమ్మా, ఆ పచ్చ బొత్తాము నొక్కు’ అని దరఖాస్తు నింపించుట కిది ఎంతో అనుకూలము. కాని తెర యంతయు పంచినప్పుడు, ఆ సమయమున వచ్చు ప్రతి సందేశమును ఎదుటివారికి కనబడవచ్చును. అందులో బ్యాంకువారి ఓటీపీ అంకెయు నుండవచ్చును. వీలున్నచోట తెర యంతయు గాక, కావలసిన ఒక్క కిటికీని మాత్రమే పంచుట మేలు.

తెరను చూపుట వేరు, పగ్గములను అప్పగించుట వేరు. ఎనీడెస్క్ వంటి సాధనములతో దూరముననున్నవారు మీ యంత్రమును తామే నడుపవచ్చును. చెడిన కంప్యూటరును బాగుచేయుటకు ఇవి నిజముగా పనికివచ్చును, సాధనములో దోషము లేదు. కాని ‘బ్యాంకునుండి మాటలాడుచున్నాము, మీ ఖాతా ఆగిపోవును, ఈ యాప్ దించుకొనుడు’ అని మోసగాండ్రు వీనినే వాడుకొనిరి. రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ పేరు చెప్పియే హెచ్చరిక చేసినది. యాప్‌లో కనబడు సంఖ్యను చెప్పి, అడిగిన అనుమతులను ఇచ్చినచో తాళపుచెవి ఇచ్చినట్లే. అపరిచితుడు ఎంత మర్యాదగా అడిగినను ఇట్టి యాప్‌ను దించుకొనవలదు. ఇదివరకే జరిగియున్నచో మొదట ఫోనులోని ఇంటర్నెట్టును ఆపుడు. వేరొక ఫోనునుండి మీ బ్యాంకునకును, 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకును చెప్పుడు. సొమ్ము మరియొక ఖాతాకు దాటకమునుపే చెప్పినచో దానిని నిలిపివేయు అవకాశము హెచ్చుగా నుండును.