ఇంటర్వ్యూకి వెళ్లే ముందు

ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అయింది. పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ఆ ఊరి కోడలు ఒకామె దాన్ని కూడబలుక్కుని చదివింది. పెళ్లయ్యాక ఓపెన్ స్కూల్లో పది పాసైంది ఆమె. తనే దరఖాస్తు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది. ఇక దిగులు మొదలైంది. "ఆఫీసర్ల ముందు నాకు నోరు పెగులుతుందా?" అంది.

ఇంటర్వ్యూ అంటే ఏమిటి? ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఈ పని ఈమె చేయగలదా అని చూస్తారు. అంతే. ముందే సిద్ధమైతే భయం సగం పోతుంది.

మొదట కాగితాలు. పదో తరగతి మార్కుల కాగితం, కులం సర్టిఫికెట్, నివాసం సర్టిఫికెట్, ఆధార్ కార్డు ఒక సంచిలో పెట్టుకోవాలి. పేరు అన్నిట్లో ఒకేలా ఉందా చూసుకోవాలి. ఆమె బడి కాగితంలో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది. చాలామంది ఆడవాళ్లకు ఇదే చిక్కు. పెళ్లి సర్టిఫికెట్ ఉంటే ఇద్దరూ ఒకరేనని చూపించవచ్చు. ఇది ముందే చేయించుకోవాలి. ఆ రోజు పరుగెత్తితే కాదు.

తర్వాత పని గురించి తెలుసుకోవాలి. అంగన్‌వాడీలు 1975లో ఐసీడీఎస్ పథకంతో మొదలయ్యాయి. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తిండి, ఆరోగ్యం చూస్తాయి. మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటలతో చదువు చెబుతాయి. అందుకే ఇలాంటివి అడుగుతారు:

బిడ్డకు ఎన్నాళ్లు తల్లిపాలే ఇవ్వాలి? ఆరు నెలలు. నీళ్లు కూడా పట్టక్కర్లేదు.

పుట్టగానే వేసే టీకాల్లో ఒకటి చెప్పండి? బీసీజీ.

తట్టు టీకా మొదటిసారి ఎప్పుడు? తొమ్మిది నెలలు నిండాక.

ఇవి బిడ్డల్ని పెంచిన తల్లికి కొత్తవి కావు. కాకపోతే పైకి చెప్పడం అలవాటు కావాలి. రోజూ రాత్రి ఆడపడుచు అడిగేది. ఆమె గట్టిగా జవాబు చెప్పేది. కొన్నిచోట్ల తెలుగు డిక్టేషన్ కూడా పెడతారు. అందుకని రోజుకు పది వాక్యాలు రాసేది.

ఒకాయన ఇంటికొచ్చాడు. "కొంత డబ్బిస్తే ఉద్యోగం నాదీ పూచీ" అన్నాడు. ఆమె ఇవ్వలేదు. అలా ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. ఆఫీసులో ఎవరైనా లంచం అడిగితే 1064కు ఫోను చేయవచ్చు. అది ఏసీబీ వారి నంబరు.

ఆ రోజు ఉతికిన నూలు చీర కట్టుకుంది. చంటిదాన్ని అత్తయ్యకు అప్పగించి మొదటి బస్సుకే వెళ్లింది. కూర్చోమన్నాక కూర్చుంది. ఒక ప్రశ్న అర్థం కాలేదు. "మళ్లీ ఒకసారి చెప్పండి" అంది. ఇంకోటి తెలియలేదు. "తెలియదండి, నేర్చుకుంటాను" అంది. తెలియనిది తెలియదనడం తప్పు కాదు. "చంటిపిల్ల ఉంది కదా, పనెలా చేస్తావు?" అని అడిగారు. "మా అత్తయ్య చూసుకుంటుందండి" అంది.

పోస్టు ఒకటే. వచ్చినవాళ్లు చాలామంది. ఎవరికొస్తుందో ఇంకా తెలియదు. ఈసారి రాకపోయినా ఆమె కాగితాలు సరిగ్గా ఉన్నాయి. నోరూ తెరుచుకుంది. గోడ మీద ఇంకో నోటీసు పడితే మళ్లీ వెళ్తుంది.

చూసుకోండి: మీ కాగితాలన్నిటిలో మీ పేరు ఒకేలా ఉందా?