పెద్దపేగులో తిత్తులు: ఎందుకు ఏర్పడతాయి, ఎప్పుడు వాస్తాయి?

పొత్తికడుపులో ఎడమ పక్కన నొప్పి వస్తే చాలామంది ముందు అనే మాట ‘గ్యాస్’. ఉక్కు కర్మాగారంలో పనికోసం భిలాయి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అంతే. కాస్త వాము నమిలి, ఓ మాత్ర వేసుకుని షిఫ్టుకు వెళ్లిపోతారు. చాలాసార్లు అది గ్యాసే కావచ్చు. కానీ నొప్పి తగ్గకపోగా జ్వరం కూడా వస్తే, పెద్దపేగు గోడలోని తిత్తులు వాచాయేమో చూడాలి. ఈ వాపునే డైవర్టిక్యులైటిస్ అంటారు.

తిత్తి ఎలా పుడుతుంది?

పేగు లోపలి పొరకు రక్తం తెచ్చే నాళాలు కండర పొరలోంచి దూరి వెళ్తాయి. అవి దూరే చోట గోడ బలహీనంగా ఉంటుంది. పేగులో ఒత్తిడి పెరిగితే లోపలి పొర ఆ సందులోంచి బయటికి ఉబ్బి, బఠాణీ గింజంత సంచి అవుతుంది.

పెద్దపేగులో బాగా ఇరుకైనది ఎడమవైపు చివర ఉండే సిగ్మాయిడ్ భాగం. గోడలో బిగువు ఒకటే అయినా, గొట్టం వ్యాసార్ధం సగమైతే లోపలి ఒత్తిడి రెట్టింపు అవుతుందని లాప్లాస్ సూత్రం చెబుతుంది. అక్కడ తిత్తులు ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. అయితే తూర్పు ఆసియా దేశాల్లో ఇవి కుడివైపే ఎక్కువ. అంటే ఒత్తిడితో పాటు వయసు, జన్యువుల పాత్రా ఉంది.

పీచు సంగతి

పీచు తక్కువైన తిండే దీనికి మూలమని 1971లో బ్రిటిష్ వైద్యులు పెయింటర్, బర్కిట్ వాదించారు. 2012లో రెండు వేల మందికి పైగా కొలనోస్కోపీ ఫలితాలు చూసిన అమెరికా అధ్యయనంలో, పీచు ఎక్కువ తినేవారిలో తిత్తులు తక్కువగా ఏమీ లేవు. అయినా పీచు బాగా తినేవారు ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం తక్కువని ఇతర అధ్యయనాలు చెబుతున్నాయి.

జామ, టమాటా గింజలు తిత్తుల్లో ఇరుక్కుంటాయన్న భయానికి ఆధారం లేదు. పొగతాగడం, ఊబకాయం, వ్యాయామం లేకపోవడం, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు తరచూ వాడటం మాత్రం ముప్పును పెంచుతాయి.

ఎప్పుడు తొందరపడాలి?

తిత్తులు ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. వాపును సీటీ స్కాన్‌తో నిర్ధారిస్తారు. తేలికపాటి వాపుకు యాంటీబయాటిక్స్ అన్నిసార్లూ అవసరం లేదు. ఆ నిర్ణయం డాక్టరుదే. పొట్ట బల్లలా గట్టిపడినా, చలిజ్వరం వచ్చినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తిత్తి పగిలితే మలం, సూక్ష్మజీవులు పొట్ట లోపలికి చేరి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి నొప్పిని మాత్రతో అణచిపెట్టి డ్యూటీకి వెళ్లకూడదు.