ఆడుబిడ్డ మేని నూగు

మొన్న మా వీథిలో నొక బాలెంతను చూడబోతిని. నెల దాటిన యాడుశిశువును కాళ్ళపై పరుండబెట్టుకొని అమ్మమ్మగారు నలుగు పెట్టుచుండిరి. నుదుటిపైని, భుజములపైని నూగు పోవలెనని సెనగపిండితో రుద్దిన రుద్దునకు లేతచర్మము కందిపోయినది. నేను వలదంటిని. “ఇప్పుడు రుద్దకున్న రేపు పెండ్లిచూపులనాడు వంక పెట్టరా, అమ్మాయీ?” అనిరామె. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును గల యీ విశాఖపట్టణమున గూడ నీ భయము తీరలేదు.

సోదరీమణులారా! రోమకూపములు శిశువు గర్భమందుండగనే, అయిదవ మాసము ప్రాంతమున నేర్పడును. దేహమంతట సుమారు 50 లక్షలు. అందు తలపైనివి లక్ష మాత్రమే. పిండి రుద్దినంతమాత్రమున నవి నశింపవు. పుట్టుకతో వచ్చిన నూగు కొన్ని వారములలో తనంత తానే రాలిపోవును. కీర్తి మాత్రము సెనగపిండికి దక్కుచున్నది!

రోమములు మొలవని తావులు కొలదియే: అరచేతులు, అరికాళ్ళు, పెదవుల యెఱ్ఱని భాగము, వ్రేళ్ళ కొనకణుపులు. అరికాలి సంగతి వింతయైనది. అచ్చట ‘డికెకె-2’ అను మాంసకృత్తు రోమోత్పత్తి నడ్డగించునని 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చుంచెలుకలయందు కనుగొనిరి. కుందేలు పాదమున నది తక్కువ. కావుననే దాని యరికాలికిని బొచ్చుండును.

తక్కిన చర్మము దాదాపుగ నంతయు రోమక్షేత్రమే, స్త్రీకైనను పురుషునకైనను. యౌవనమున ఆండ్రోజనులను హార్మోనులు పెరుగగా కొన్నిచోట్ల నూగు ముతకబారును. అవి స్త్రీలకును కొంత యుండును గనుక పైపెదవిపై నూగు కనబడుట దోషము గాదు. గడ్డముపై ముతక వెండ్రుకలు త్వరితముగ పెరిగి, ఋతుక్రమము కూడ తప్పినయెడల మాత్రము వైద్యురాలికి చూపవలెను.

మన ప్రబంధకవులు నాయిక నూగారును వర్ణింపక విడిచినది యరుదు. నాడు సొగసైనది నేడు వంక యెట్లయ్యెనో! మగవారి సంగతి వేఱు. పిఠాపురమున 1937లో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆంధ్రదేశపు పురుషుల చెవులపై మొలచు వెండ్రుకలను పరిశీలించి, అవి తండ్రినుండి కొడుకునకు ‘వై’ క్రోమోసోము ద్వారా సంక్రమించునని 1960లో వ్యాసము ప్రకటించిరి. 2004లో దక్షిణభారత పురుషులను పరీక్షింపగా నా సిద్ధాంతము నిలువలేదు. నిలిచిన నేమి, నిలువకున్న నేమి? చెవివెండ్రుకలు చూచి వరుని త్రోసిపుచ్చిన యింటిని నేనెఱుగను.

ఇదంతయు విని అమ్మమ్మగారు పిండిగిన్నె ప్రక్కకు జరిపిరి. నూనె మాత్రము మానననిరి. నూనెతో నాకును వైరము లేదు.