పాతబడిన వెబ్‌సైటు - మార్పిడి చేయు విధానము

నల్లగొండ బత్తాయికిని, పాలమూరు వేరుశనగకును దూరప్రాంతములందు కూడ గిరాకీ కలదు. ఈ ప్రాంతపు రైతు ఉత్పత్తిదారుల సంఘములు, సహకార సంఘములు తమ సరుకును గూర్చి వ్యాపారులకు తెలుపుటకును, సభ్యులకు వార్తలందించుటకును వెబ్‌సైటులు పెట్టుకొనుచున్నవి. ఇది మంచి పనియే. కాని సంఘము స్థాపించిన క్రొత్తలో ఎవరిచేతనో వెబ్‌సైటు కట్టించి, పిమ్మట ఐదారు సంవత్సరములు దానివైపు చూడకుండుట కొన్ని చోట్ల జరుగుచున్నది. “పేజీ తెరచుకొనుచునే యున్నది గదా, మార్చవలసిన అవసరమేమి?” అని కార్యవర్గ సభ్యులు అడుగవచ్చును. అందుకు సమాధానమును, మార్పిడికి అనుసరింపదగిన పద్ధతిని ఈ దిగువ తెలుపుచున్నాము.

వెబ్‌సైటు లోపలి అమరిక

వెబ్‌సైటులో మనకు కనబడునవి అక్షరములు, బొమ్మలు మాత్రమే. వాటిని ఒక పద్ధతిలో నిలువచేసి, అడిగినవారికి పేజీగా కూర్చి చూపు సాఫ్ట్‌వేరును కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అందురు. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ అనునవి ఇట్టివే. ఇవి ఉచితముగా లభించును. వీటికి తోడు చెల్లింపులకు, ఫోటోలకు, దరఖాస్తులకు ప్లగిన్లు అను చిన్న అదనపు భాగములను చేర్చుదురు. వీటన్నిటికి అడుగున పి.హెచ్.పి. అను భాషయు, సమాచారము నిలువయుండు డేటాబేసును ఉండును. ఇందులో ఏ ఒక్క భాగము పాతబడినను మొత్తము వెబ్‌సైటు బలహీనపడును. చెరువు కట్ట ఎంత గట్టిదైనను తూము వద్ద గండి పడినచో నీరు నిలువదు గదా.

మద్దతు నిలిచిపోవుట అనగా నేమి?

ఏ సాఫ్ట్‌వేరులోనైనను లొసుగులు అప్పుడప్పుడు బయటపడుచుండును. తయారుచేసినవారు వాటిని సవరించి క్రొత్త ప్రచురణలు విడుదల చేయుచుందురు. కొంత కాలమునకు పాత ప్రచురణను సవరించుట మానుదురు. దీనినే మద్దతు నిలిచిపోవుట అందురు. 2011 జనవరిలో వెలువడిన డ్రూపల్ 7కు 2025 జనవరి 5తో మద్దతు ముగిసినది. జూమ్లా 3కు 2023 ఆగస్టు 17తోను, పి.హెచ్.పి. 7.4కు 2022 నవంబరు 28తోను ముగిసినది. ఆ తరువాత కనుగొన్న లొసుగులకు మూలసంస్థనుండి విరుగుడు రాదు. విడిభాగములు దొరకని ఆయిల్ ఇంజను నడచినంత కాలము నడచును. ఆగిన దినమున పైరు ఎండును. వెబ్‌సైటు విషయములో మరియొక చిక్కు గలదు. ఇంజను ఆగినచో మనకు తెలియును. వెబ్‌సైటులో దొంగ ప్రవేశించినది చాలకాలమువరకు తెలియకపోవచ్చును.

దొంగలు ఎంత వేగముగా వత్తురో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లోని ఒక పెద్ద లొసుగును, దాని విరుగుడును ప్రకటించిరి. ప్రకటించిన 7 గంటలలోపల విరుగుడు వేయని ప్రతి వెబ్‌సైటును దొంగలపాలైనట్లే భావింపవలెనని డ్రూపల్ భద్రతా బృందము అదే నెల 29న హెచ్చరించినది.

చిన్న సంఘమునకు నష్టమేమి?

“మా వెబ్‌సైటులో దోచుకొనుటకేమున్నది?” అని తలచుట పొరపాటు. దొంగ మన ఊరి పేరు చూచి రాడు. లొసుగున్న వెబ్‌సైటులను వెదకు యంత్ర ప్రోగ్రాములు రేయింబవళ్లు తిరుగుచుండును. ప్రవేశము దొరికినచో మూడు విధముల నష్టము కలుగవచ్చును. మొదటిది, మన పేజీల మాటున జూదమునకు, నకిలీ మందులకు సంబంధించిన పేజీలు పెట్టుదురు. రెండవది, సభ్యుల పేర్లు, ఫోను నెంబర్లు, ఆధార్, పాసుపుస్తకముల నకళ్లు ఎత్తుకొనిపోవుదురు. మూడవది అన్నిటికంటె ప్రమాదకరము: పేజీలోని బ్యాంకు ఖాతా నెంబరును గాని, ఫోను నెంబరును గాని మార్చివేయుదురు. బత్తాయి లారీకి వ్యాపారి పంపిన బయానా, వాటా ధనముగా రైతు కట్టిన సొమ్ము అన్యుల ఖాతాకు చేరును. పోయిన సొమ్ముకంటె సంఘముపై పోయిన నమ్మకమును తిరిగి సంపాదించుట కష్టము.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సభ్యుల వివరములను కాపాడు బాధ్యతను వాటిని సేకరించు సంస్థపైననే ఉంచినది.

గుణము నిలుపుకొని బలహీనతను తొలగించుట

బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) వరిని రైతులెల్లరు ఎరుగుదురు. అన్నము శ్రేష్ఠమే గాని, బాక్టీరియా ఎండుతెగులుకు లొంగును. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సి.సి.ఎం.బి.యు కలసి గింజ గుణము చెడకుండ మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసినవి. వెబ్‌సైటు మార్పిడియు ఇట్టిదే. సంఘము పేరు, చిరునామా, ఉపయోగపడు సమాచారము నిలువవలెను. తెగులుకు లొంగు భాగము మాత్రము మారవలెను.

ప్రభుత్వ వెబ్‌సైటుల అనుభవము

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అధికారిక వెబ్‌సైటులు జాతీయ సమాచార కేంద్రమువారి ఎస్-త్రీ-వాస్ అను ఉమ్మడి వేదికపై నడచుచున్నవి. జిల్లా కార్యాలయము సమాచారము నింపును. సాఫ్ట్‌వేరు సంరక్షణ ఒకే చోట జరుగును. సాంకేతిక సిబ్బందిలేని సంఘములు గ్రహింపవలసిన విషయమిదే.

భూమి రికార్డుల పోర్టలు విషయము మరియొకటి. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమయినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. దానిని మొదట నాలుగు మండలములలో అమలుచేసి చూచిరి. అందు నారాయణపేట జిల్లాలోని మద్దూరు ఒకటి. తరువాతనే రాష్ట్రమంతటికి విస్తరింపజేసిరి. ముందు చిన్న మడిలో పరీక్షించి, పిమ్మట పొలమంతట వేయుట మనకు తెలిసిన పద్ధతియే. పాత రికార్డులో తప్పుపడిన విస్తీర్ణము పోర్టలు మారినంత మాత్రమున సరికాదనునదియు మరువరాదు. తప్పును ముందు దిద్దవలెను, పిమ్మట తరలింపవలెను.

మార్పిడి చేయు క్రమము

1. లెక్క తీయుట: వెబ్‌సైటు చిరునామా (డొమైన్) ఎవరి పేర నమోదయినది, గడువు ఎన్నడు, సర్వరు ఎవరిది, పాస్‌వర్డులు ఎవరివద్దనున్నవి, సాఫ్ట్‌వేరు ఏ ప్రచురణము, ప్లగిన్లు ఏవి - ఇవన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. డొమైన్ కట్టించిన వ్యక్తి పేర నున్నచో సంఘము పేరికి మార్పించుకొనవలెను.

2. నకళ్లు తీయుట: ఫైళ్లు, డేటాబేసు రెండింటికిని వేరువేరుగా నకళ్లు తీయవలెను. ఒక నకలు సంఘ కార్యాలయమునందును, మరియొకటి వేరొక చోటను ఉంచవలెను. నకలునుండి వెబ్‌సైటును తిరిగి నిలబెట్టి చూడవలెను. మొలక పరీక్ష చేయని విత్తనమును, తెరచి చూడని నకలును నమ్మరాదు.

3. కలుపు తీయుట: పాత ధరలు, ముగిసిన ప్రకటనలు, వాడని ప్లగిన్లు తొలగింపవలెను. ఆధార్, పాసుపుస్తకముల నకళ్లను వెబ్‌సైటునందు ఎన్నడును ఉంచరాదు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విభజింపబడినవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, సూర్యాపేట, భువనగిరి ప్రాంతముల చిరునామాలు ఇంకను పాత జిల్లా పేరుతోనున్నచో దిద్దవలెను.

4. వేరుగా పరీక్షించుట: నడచుచున్న వెబ్‌సైటుపై ప్రయోగములు చేయరాదు. దాని ప్రతిని వేరొక చోట నిలిపి అచ్చట మార్పు చేయవలెను. వర్డ్‌ప్రెస్ అయినచో ప్లగిన్లు ఇముడునట్లు చూచుకొని సరిక్రొత్త ప్రచురణకు పోవచ్చును. జూమ్లా 3 నుండి 3.10కు, పిమ్మట 4కు, 5కు మెట్టు మెట్టుగా పోవలెను. డ్రూపల్ 7 నుండి నేటి ప్రచురణకు నేరుగా దారిలేదు. క్రొత్త వెబ్‌సైటు కట్టి విషయమును అందులోనికి తరలింపవలెను. దీనికి ఖర్చును కాలమును ఎక్కువ పట్టును.

5. తెలుగు అక్షరములు: పూర్వము అను ఫాంట్ల వంటివాటితో వ్రాసిన తెలుగు క్రొత్త చోట పిచ్చిగీతలుగా కనబడును. దానిని యూనికోడ్‌లోనికి మార్పించవలెను. డేటాబేసు అమరిక సరిగా లేనిచో తెలుగంతయు ప్రశ్నార్థకములుగా మారును. ఆ విధముగా నిలువయైన పిమ్మట అక్షరములు తిరిగి రావు, నకలే దిక్కు.

6. పాత చిరునామాలు: సంచులపైనను, కరపత్రములపైనను అచ్చువేసిన పేజీ చిరునామాలు క్రొత్త పేజీలకు దారితీయునట్లు ఏర్పాటుచేయవలెను.

7. మార్చు దినము: బత్తాయి కోతలు, ధాన్యము కొనుగోళ్లు ముమ్మరముగానున్న దినములలో మార్పిడి పెట్టుకొనరాదు. మార్చిన వెంటనే బ్యాంకు ఖాతా, ఫోను నెంబర్లను ఇద్దరు కార్యవర్గ సభ్యులు సంఘము పుస్తకముతో అంకె అంకెకు సరిచూడవలెను. పాస్‌వర్డులన్నియు మార్చవలెను.

ఇదివరకే దొంగలు పడినచో

దొంగ చొరబడిన వెబ్‌సైటుపైననే క్రొత్త ప్రచురణను వేసినచో వాడు వదలిపోయిన దొడ్డిదారి అట్లే యుండును. దానిని ఆపివేసి, మంచి నకలునుండి క్రొత్తగా నిలబెట్టవలెను. సొమ్ము పోయినచో వెంటనే బ్యాంకుకును, 1930 నెంబరుకును తెలుపవలెను. ఇట్టి చొరబాటులను 6 గంటలలోపల తెలుపవలెనని దేశపు సైబరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న సంస్థలను ఆదేశించినది.

ఖర్చు తగ్గించు ఉపాయము

సంవత్సరమునకు రెండుమూడు మారులు మాత్రమే విషయము మార్చు సంఘమునకు ఇంత పెద్ద సాఫ్ట్‌వేరు అవసరము లేదు. డేటాబేసు లేని నాలుగైదు సాదా పేజీలు చాలును. వాటికి సంరక్షణయు స్వల్పము. పెద్ద వెబ్‌సైటు కావలెనన్నచో, కట్టించు ఒప్పందమునందే ఏటేట సంరక్షణ, నకళ్లు, పాస్‌వర్డుల అప్పగింత వ్రాయించుకొనవలెను.

గ్రామాధికారులు తమ పరిధిలోని సంఘముల వెబ్‌సైటులను ఒకమారు తెరచి చూచి, అందలి ఖాతా నెంబరు సంఘమునదేనా యని విచారించుట ఎంతయు మేలు. కార్యవర్గములు రాబోవు సమావేశమునందే పైన చెప్పిన మొదటి పనిని, అనగా లెక్క తీయుటను చేపట్టవలెను. దానికి పైస ఖర్చులేదు; ఒక కాగితము, ఒక పూట చాలును.