తెల్లతోక జింక వేటలో స్థల నిర్ణయం

తెల్లతోక జింక (శాస్త్రీయ నామం: ఓడోకోయిలియస్ వర్జీనియానస్) ఉత్తర అమెరికాలో విస్తారంగా వేటాడబడే పెద్ద జంతువు. చురుకైన ముక్కు, చెవులు గల ఈ జంతువును వెంటాడి దగ్గరకు చేరడం మిక్కిలి కష్టం. అందువలన అక్కడి వేటగాళ్ళు ఎక్కువగా ఒకచోట మాటు వేసి, జింక తమ వద్దకు వచ్చే వరకు వేచి ఉంటారు. మాటు వేయవలసిన చోటు రోజులోని వేళను బట్టి మారుతుంది. ఉదయం చక్కగా పనికివచ్చిన చోటు సాయంత్రం వ్యర్థం కావచ్చు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ఎంపిక జరిగే తీరును, అందుకు గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

తెలుగులో "జింక" అనే మాటను అనేక జంతువులకు వాడతారు. కృష్ణజింక ఈ కుటుంబానికి చెందినది కాదు. దాని కొమ్ములు జీవితాంతం నిలిచి ఉంటాయి. తెల్లతోక జింకలో మగదాని కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఈ లక్షణంలో అది మన చుక్కల దుప్పిని పోలి ఉంటుంది.

జింక దినచర్య

ఈ జింక ముఖ్యంగా ఉభయ సంధ్యలలో సంచరిస్తుంది. కంటి వెనుక భాగంలో వెలుతురును ప్రతిఫలింపజేసే పొర ఉండడం వలన మసక వెలుతురులోనూ దానికి చూపు బాగా ఆనుతుంది. ఎరుపు, నారింజ రంగులను మాత్రం అది సరిగా గుర్తించలేదు. అందుచేతనే తుపాకీ వేట కాలంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి వేటగాళ్ళు మెరిసే నారింజ రంగు దుస్తులు ధరించినా వేటకు భంగం కలగదు. చాలా రాష్ట్రాలలో ఈ దుస్తులు తప్పనిసరి.

పశువుల వలె జింక కూడా నాలుగు గదుల పొట్ట కలిగినది. ఆరుబయట ఎక్కువ సేపు ఉంటే ప్రమాదం కనుక త్వరత్వరగా మేసి, మరుగైన చోటికి పోయి, పడుకొని నెమరువేస్తుంది. కనుక దాని జీవితంలో ముఖ్యమైనవి రెండు చోట్లు: మేత, పడక. మొక్కజొన్న, సోయాచిక్కుడు చేలు, ఓక్ చెట్ల కింద రాలిన కాయలు మేత అయితే, దట్టమైన పొదలు, చిత్తడి నేలలు, చలికాలంలో ఎండ తగిలే దక్షిణపు వాలులు పడకలు. ఈ రెంటినీ కలిపే దారులు తెలిస్తే వేటగాని పని సగం అయినట్లే. అడవి, పొలం కలిసే అంచులలో వేట జంతువులు అధికంగా ఉండడాన్ని ఆల్డో లియోపోల్డ్ 1933లో ప్రచురించిన "గేమ్ మేనేజ్‌మెంట్" గ్రంథంలో చర్చించాడు.

వేకువ

రాత్రి పొలాలలో మేసిన జింకలు తెల్లవారుతుండగా పడకల వైపు మరలుతాయి. కొత్తవారు సాధారణంగా చీకటిలో పొలం మీదుగా నడిచి మంచె చేరుకుంటారు. ఆ సమయంలో జింకలు పొలంలోనే ఉంటాయి కనుక బెదిరి పారిపోతాయి. తరువాత ఎంత సేపు కూర్చున్నా ఫలితం ఉండదు. అనుభవజ్ఞులు పొలాన్ని తప్పించి, చుట్టుదారిన వెనుక వైపు నుండి వచ్చి, పడకకు కొంత దూరంలో దారి పక్కన మాటు వేస్తారు. మరీ దగ్గరగా పోతే పడకనే వదిలివేసే ప్రమాదం ఉంది.

ఇక్కడ మంచె అంటే జొన్నచేలో పిట్టలను తోలడానికి వేసేటటువంటిదే. అయితే దీనిని సాధారణంగా చెట్టుకు 15 నుండి 20 అడుగుల ఎత్తున బిగిస్తారు. దీని మీది నుండి జారిపడి గాయపడేవారు చాలామంది. అందువలన ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుండి దిగేవరకు శరీరానికి రక్షణ పట్టీలు తగిలించుకోవాలని వేట శిక్షణ తరగతులలో నొక్కి చెబుతారు.

మధ్యాహ్నం

మధ్యాహ్నం జింకలు పడకల దగ్గరే ఉంటాయి. అప్పుడప్పుడు లేచి చుట్టుపక్కల కొంత మేసి మళ్ళీ పడుకుంటాయి. కనుక ఎక్కువమంది వేటగాళ్ళు ఈ వేళలో ఇంటికి పోతారు. జతకూడే కాలం దీనికి మినహాయింపు. ఉత్తరాది రాష్ట్రాలలో ఇది నవంబరులో ముమ్మరంగా ఉంటుంది. అప్పుడు మగజింకలు మేత మరచి ఆడజింకలను వెతుకుతూ పగలంతా తిరుగుతాయి. రెండు అడవులను కలిపే సన్నని చెట్ల పట్టీ, కొండ వరుసలో తగ్గుగా ఉండే కనుమ ఇటువంటి సమయంలో మంచి చోట్లు.

సాయంత్రం

సాయంత్రం దిశ తారుమారవుతుంది. జింకలు పడకల నుండి మేత వైపు వస్తాయి. ఆడజింకలు, పిల్లలు వెలుతురు ఉండగానే పొలం అంచుకు చేరతాయి. వయసు మళ్ళిన మగజింక మాత్రం అడవి లోపలే ఆగి, చీకటి పడిన తరువాత బయటకు వస్తుంది. అటువంటి దానికోసం పొలం గట్టున కాక, కొంత లోపల, ఓక్ కాయలు రాలే చోట కాచుకోవాలి. తెల్ల ఓక్ కాయలలో వగరు తక్కువ కనుక వాటిని జింకలు ఇష్టంగా తింటాయి.

సాయంత్రపు వేటలో రావడం కంటే తిరిగి పోవడమే కష్టం. చీకటి పడేసరికి ఎదుట పొలం నిండా జింకలు ఉంటాయి. మంచె దిగే మనిషిని చూస్తే ఆ చోటు ప్రమాదకరమని గ్రహిస్తాయి. కొందరు తోటివారిని వాహనంలో పొలంలోకి రమ్మంటారు. జింకలు వాహనాన్ని చూసి తొలగిపోతాయి గాని, మంచె సంగతి వాటికి తెలియదు.

గాలి

చోటు ఎంత మంచిదైనా గాలి వేటగాని వైపు నుండి జింక వైపు వీస్తే ప్రయోజనం లేదు. కొండ ప్రాంతాలలో దీనికి ఒక క్రమం ఉంది. ఎండ తగిలి నేల వేడెక్కగానే గాలి వాలు వెంట పైకి సాగుతుంది. సాయంత్రం చల్లబడిన గాలి లోయలోకి జారుతుంది. కాబట్టి ఉదయం జింకల దారికి పైన, సాయంత్రం దిగువన మాటు వేస్తారు. సూర్యోదయానికి ముందు గాలి ఇంకా కిందికే జారుతుంటుందని మరువరాదు. బలమైన గాలి వీచే రోజున ఈ క్రమం పనిచేయదు.

చట్టం, గాయపడిన జింక

చాలా రాష్ట్రాలలో సూర్యోదయానికి అరగంట ముందు నుండి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు వేటకు అనుమతి ఉంటుంది. రాత్రి దీపాల వెలుగులో జింకలను కాల్చడం సాధారణంగా నేరం. ఈ నియమానికి బలమైన కారణం ఉంది. బాణం తగిలిన జింక తరచుగా వెంటనే పడిపోదు; కొంతదూరం పరుగెత్తుతుంది. కొంతసేపు ఆగి, నెత్తుటి జాడ పట్టుకొని వెదకాలి. ఉదయం కొట్టిన దానిని వెదకడానికి పగలంతా ఉంటుంది. చీకటి పడబోతుండగా కొట్టిన దాని జాడ వానకు చెరిగిపోవచ్చు, వెచ్చని రాత్రి మాంసం చెడిపోవచ్చు, లేదా జంతువు గాయంతో ఎక్కడో మరణించవచ్చు. గురి మీద సందేహం ఉంటే సాయంత్రపు చివరి నిమిషాలలో బాణం వేయకపోవడమే ఉత్తమం.

1900 ప్రాంతంలో అమెరికాలో ఈ జింకలు కొన్ని లక్షలకు తగ్గిపోయాయి. చట్టాల వలన, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాలపై పన్ను ద్వారా సమకూర్చిన నిధుల వలన మళ్ళీ పెరిగి కోట్లకు చేరాయి. తూర్పు ప్రాంతంలో తోడేళ్ళు దాదాపు అంతరించినందున మితిమీరి పెరిగిన జింకలు లేత చెట్లను మేసి అడవి పునరుత్పత్తిని దెబ్బతీస్తున్నాయి. అయినా వేటను వ్యతిరేకించేవారు అక్కడ కూడా ఉన్నారు.

భారతదేశంలో

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నిషిద్ధం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. నంద్యాల జిల్లా రోళ్ళపాడు పరిసరాలలో కృష్ణజింకలు పంటలను మేసి రైతులకు నష్టం కలిగిస్తున్నా, వాటిని చంపే హక్కు రైతుకు లేదు. పైన వివరించిన దినచర్య వంటి విషయాలు ఇక్కడ జంతువుల గణనకు, ఛాయాచిత్రాలు తీయడానికి, చేలకు కాపలా కాయడానికి ఉపయోగపడతాయి.