పత్తితో పాటు కరెంటునూ తూచారు!

ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని కాటా వేస్తారని అందరికీ తెలుసు. ఒకప్పుడు కరెంటునూ కాటాలోనే తూచారంటే నమ్ముతారా? 1880లలో అమెరికాలో ఎడిసన్ కంపెనీ పెట్టిన మీటర్లో ముల్లూ లేదు, చక్రమూ లేదు. సీసాలో ద్రావణం, అందులో జింకు పలకలు, అంతే. కరెంటు వాడేకొద్దీ ఒక పలక కరిగి రెండోదాని మీద పేరుకునేది. కంపెనీ మనిషి వచ్చి ఆ పలకలు పట్టుకెళ్లి తూచి, తేడాను బట్టి బిల్లు వేసేవాడు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక బల్బు ఉండేది. ఎంత వాడాడో ఇంటాయన చూసుకోవడానికి మాత్రం దారి లేదు. మన బిల్లు రీడింగ్ మీద గొణుక్కునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

1888లో వెస్టింగ్‌హౌస్ ఇంజినీరు షాలెన్‌బర్గర్ ఒక దీపాన్ని పరీక్షిస్తుండగా చిన్న స్ప్రింగు ఊడిపడి, దానంతటదే తిరగసాగింది. తిరిగే మీటరుకు అదే బీజం. మరుసటి ఏడాది హంగేరీలో బ్లాతీ తయారుచేసిన మీటరు బరువు 23 కిలోలు! పాత ఇళ్ల వసారాల్లో మొన్నమొన్నటిదాకా గిర్రున తిరిగిన అల్యూమినియం చక్రం ఆ వంశానిదే.

అసలు ఒక్క యూనిట్లో ఎంత సత్తువ ఉంది? వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వేడెక్కితే ఒక యూనిట్, అంటే 36 లక్షల జౌళ్లు. నష్టమేమీ లేదనుకుంటే, ఆ శక్తితో క్వింటా పత్తిని 3,600 మీటర్లకు పైగా పైకెత్తవచ్చు. ఆదోని కోట కొండ దాని ముందు ఏపాటి? హమాలీ కూలితో లెక్కవేస్తే ఇంత చవకైన కూలీ ఇంకెక్కడా దొరకడు.

జిన్నింగ్ మిల్లుల లెక్క వేరు. మోటర్లు పనికి పట్టే కరెంటు కొంత, అయస్కాంత క్షేత్రం కోసం లాగి మళ్లీ వెనక్కి పంపేది కొంత. మొత్తంలో పనికి పట్టే వంతే పవర్ ఫ్యాక్టర్. అది 0.8 ఉంటే 80 కిలోవాట్ల పనికి లైను మీద 100 కేవీఏ బరువు పడుతుంది. అందుకే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు కేవీఏహెచ్ లెక్కన బిల్లు, అందుకే ఆ రెండో వాటాను మిల్లులోనే తీర్చే కెపాసిటర్ల వరస. కెపాసిటర్ చెడిపోయినా మోటరు మామూలుగానే ఆడుతుంది. సంగతి బయటపడేది బిల్లు వచ్చాకే.

బావి మోటర్ల సంగతి ఇంకో వింత. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 5 హెచ్‌పీ మోటరు 9 గంటలు ఆడితే 33 యూనిట్లకు పైనే. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చాక చాలా ఏళ్లు ఈ లెక్కను పొలాల దగ్గర కాకుండా, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి అంచనా కట్టారు.

ఇక కరెంటు వాడకంలో సున్నా రికార్డు ఎమ్మిగనూరు చేనేతది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. 1954లో పద్మశ్రీ అందుకున్నారు. గుంత మగ్గం మీద గజాల కొద్దీ బట్ట దిగినా ఏ మీటరూ ఒక్క అంకె కదలదు. కదిలితే మగ్గం పైన వెలిగే బల్బుకే.

ఉత్పత్తిలో మన జిల్లా పేరు గని–శకునాల సోలార్ పార్కుతో మోగింది. 1,000 మెగావాట్లతో 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దది. నిండు సామర్థ్యంతో గంట నడిస్తే పది లక్షల యూనిట్లు. తుంగభద్ర డ్యామ్, హంపి పవర్‌హౌస్‌లు రెండూ కలిపితే 72 మెగావాట్లే. అయితే నీళ్లుంటే అవి రాత్రి కూడా తిరుగుతాయి, ఎండ మాత్రం సాయంత్రానికే దిగిపోతుంది.

2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లమందికి పైగా ఉండే ప్రాంతం చీకటైంది. చరిత్రలో అంతమందిని తాకిన కరెంటు కోత అప్పటికి లేదు. దక్షిణ గ్రిడ్ విడిగా నడుస్తుండబట్టి ఆ దెబ్బ మనదాకా రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో ఆ ఎడబాటు ముగిసింది. మంత్రాలయం రోడ్ దాటాక వచ్చే ఆ రాయచూరే! అప్పటినుంచి ఆదోని ఫ్యానుకూ అమృత్‌సర్ ఫ్యానుకూ ఒకే ఫ్రీక్వెన్సీ, 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ.

ఇక మీ ఇంటికొద్దాం. మీ ఎలక్ట్రానిక్ మీటరు మీద 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. యూనిట్‌కు ఎర్రలైటు అన్నిసార్లు మిణుకుమంటుంది. 3200 మీటరైతే, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే వేసినప్పుడు నిమిషానికి 53 మిణుకులు రావాలి. అన్నీ ఆపేశాక కూడా మిణుకుతోందంటే ముందు టీవీ, సెట్‌టాప్ బాక్సుల ప్లగ్గులు పీకి చూడండి. అప్పటికీ ఆగకపోతే వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.